తినగలిగే పొర: నిమ్మకు, జామకు, కోసిన ముక్కలకు పూత ఎలా వేయాలి

పండ్ల మీద పూత అనగానే అందరూ ముందు అడిగేది "ఏం పూయాలి?" అని. నేను తిరిగి ఇంకోటి అడుగుతాను. ఆ పండు మీ దగ్గర ఎలా పాడవుతోంది? ఎండి ముడతలు పడుతోందా, మరీ పండి మెత్తబడుతోందా, బూజు పడుతోందా? వీటన్నిటికీ మందు ఒకటి కాదు. నిమ్మకాయకు పనికొచ్చేది జామకాయకు దట్టంగా పట్టిస్తే లోపల పులిసిపోతుంది. జామకు పనికొచ్చేది నిమ్మకు పూస్తే పూయనట్టే లెక్క.

మాది నకిరేకల్ దగ్గర నిమ్మ, జామ తోట. పెళ్లికి ముందు ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఇప్పుడు హైదరాబాద్‌లో కొన్ని అపార్ట్‌మెంట్లకు పండ్ల పెట్టెలు పంపుతాం. కోల్డ్ స్టోరేజీ లేదు, ఏసీ బండి లేదు. ఒక గది, రెండు ఫ్యాన్లు, గ్రాముల్లో తూచే చిన్న కాటా, అంతే. ఇక్కడ రాసేదంతా అలాంటి గదిలో చేసుకోగలిగిందే.

కోసిన కాయ బతికే ఉంటుంది. ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతూ, తొక్కలోంచి నీళ్లు పోగొట్టుకుంటూ ఉంటుంది. పూత పని ఈ రెండింటినీ నెమ్మది చేయడమే, ఆపేయడం కాదు. ఆపేస్తే లోపల ఆక్సిజన్ చాలక పులియడం మొదలవుతుంది, కాయ కోయగానే కల్లు వాసన కొడుతుంది. మా అత్తమ్మ బడికి పోలేదు. బకెట్లో చిక్కగా ఉన్న ద్రావణం చూసి, "గంత జిగురు పూస్తే కాయ ఊపిరెట్ల తీస్కుంటది?" అంది. నేను క్లాసులో అరగంట చెప్పే పాఠం అది.

పూతకు వాడేవి రెండు రకాలు. పిండి, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, రొయ్య పెంకుల నుంచి వచ్చే కైటోసాన్, తుమ్మబంక, కలబంద గుజ్జు, ఇవన్నీ నీటితో కలిసిపోయే రకం. ఆరాక ఇవి గాలిని, నూనెను బాగా ఆపుతాయి, నీటి ఆవిరిని మాత్రం ఆపలేవు. తేనెమైనం, లక్క, నూనె రెండో రకం. ఇవి ఆవిరిని ఆపుతాయి. కోన్ ఐస్‌క్రీమ్ తినేటప్పుడు కోన్ లోపలి గోడకు చాక్లెట్ పూసి ఉండడం చూసే ఉంటారు. అది రుచి కోసం మాత్రమే కాదు, ఐస్‌క్రీమ్ తడి తగిలి కోన్ మెత్తబడకుండా వేసిన కొవ్వు పొర. తడిని ఆపాలంటే కొవ్వు కావాలి, గాలిని ఆపాలంటే పిండి చాలు. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతా నిర్ణయాలన్నీ మీరే తీసుకోవచ్చు.

పూతకు ముందు పని

సగం ఫలితం ఇక్కడే వస్తుంది. దెబ్బ తగిలిన కాయకు ఏ పూతా పని చేయదు, పైగా కుళ్లును లోపల దాచిపెడుతుంది. నిమ్మకాయలు పొద్దున్నే మంచు తడి మీద కోయొద్దు. ఆ వేళ తొక్క బిర్రుగా ఉండి, చేయి నొక్కితే నూనె తిత్తులు పగిలి గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఎండ పొడిచి తడి ఆరాక కోయండి. తొడిమ లాగి పీకకుండా కత్తెరతో కత్తిరించండి, పీకిన చోటే బూజు మొదలవుతుంది. జామకాయ ఆకుపచ్చ తగ్గి లేత రంగుకు తిరిగే దశలో కోస్తే పూత బాగా పని చేస్తుంది. చెట్టు మీదే పసుపెక్కిన కాయకు పూత వేయడం దండగ.

తర్వాత కడగాలి. ఆహారానికి పనికొచ్చే సోడియం హైపోక్లోరైట్ 4 శాతం ద్రావణమైతే లీటరు నీటికి 2.5 మిల్లీలీటర్లు కలపండి. అందులో రెండు నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. ఈ కడగడంలో బద్ధకించొద్దు. కైటోసాన్ పూతలో వెనిగర్ ఉంటుంది. హైపోక్లోరైట్, వెనిగర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. రెండు బకెట్లూ పక్కపక్కన పెట్టుకోవద్దు, ఒకే మగ్గు రెంటికీ వాడొద్దు. కడిగాక కాయ పూర్తిగా ఆరాలి. తడి కాయ మీద ద్రావణం పలచబడి చారలు కడుతుంది.

నిమ్మకాయకు మైనం

నిమ్మ కోశాక ఇక పండదు. దాని బాధంతా నీళ్లు పోవడమే. మా దగ్గర మే నెలలో గదిలో పెట్టిన కాయ రాయిలా గట్టిపడేది అందుకే. కాబట్టి పిండి జోలికి పోకుండా నేరుగా మైనం.

10 గ్రాముల తేనెమైనానికి 90 గ్రాముల కొబ్బరినూనె తీసుకోండి. స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నేరుగా మంట మీద పెట్టాల్సిన పని లేదు. చల్లారితే మెత్తని లేపనంలా అవుతుంది. బఠాణీ గింజంత తీసుకుని రెండు అరచేతులకూ రాసుకుని, నాలుగైదు కాయలను చేతుల మధ్య దొర్లించండి. ఆ తర్వాత పొడి మల్లు గుడ్డతో తుడిచేయండి. పూసిందంతా తుడిచేసినట్టు అనిపిస్తుంది, మిగలాల్సింది అంతే. వంద కాయలకు ఒక టీస్పూను లేపనం సరిపోవాలి. రెండు స్పూన్లు ఖర్చయిందంటే దట్టంగా పడిందన్నమాట. కాయ మీద వేలు పెట్టి తీస్తే జిడ్డు అంటకూడదు.

అమ్మేవాళ్లకు ఒక మాట. తాజా పండ్లపై తేనెమైనం, కార్నౌబా మైనం (ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసేది), లక్క మైనం వాడడానికి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒప్పుకుంటుంది. కానీ మైనం పూశామని లేబుల్ మీద రాయాలి. మేం పెట్టె మూత మీద తెలుగులో, ఇంగ్లీషులో రెంటిలోనూ రాస్తాం. మొదట్లో "మైనమా?" అని ఫోన్లు వచ్చేవి. ఏ మైనమో, ఎందుకో చెప్పాక ఆ ఫోన్లు తగ్గాయి. పెట్రోలియం జెల్లీ, కొవ్వొత్తి మైనం లాంటివి పూసే ఆలోచన ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయండి.

జామకు, టమాటాకు కైటోసాన్

ఇవి కోశాక కూడా పండుతూనే ఉంటాయి. ఊపిరి నెమ్మదించాలి, పైగా బూజును కూడా అడ్డుకోవాలి. కైటోసాన్ ఈ రెండూ చేస్తుంది. దాని అణువుల మీద ఉండే ధన విద్యుదావేశం శిలీంధ్రాల, బ్యాక్టీరియాల కణాల పొరను దెబ్బతీస్తుంది. ఆంధ్రప్రదేశ్ దేశంలోకెల్లా ఎక్కువ రొయ్యలు పండించే రాష్ట్రం కాబట్టి ముడిసరుక్కి కొదవ లేదు. అలాగని పెంకులు తెచ్చి ఇంట్లో చేద్దామనుకోవద్దు. గాఢమైన కాస్టిక్ సోడాలో కాచాలి, అది వంటింటి పని కాదు. ఫుడ్ గ్రేడ్ పొడి కొనుక్కోండి. ఒక ఆన్‌లైన్ షాపు నాకు ఫుడ్ గ్రేడ్ అని చెప్పి క్రీముల్లో వాడే సరుకు పంపింది. ప్యాకెట్ మీద ఏ గ్రేడో అచ్చయి ఉంటేనే తెరవండి, లేకపోతే వెనక్కి పంపేయండి.

కైటోసాన్ మామూలు నీళ్లలో కరగదు, పులుపు కావాలి. లీటరు ద్రావణానికి లెక్క ఇది:

కైటోసాన్ పొడి 10 గ్రాములు
5 శాతం వెనిగర్ 200 మిల్లీలీటర్లు (సీసా మీద 4 శాతం అని ఉంటే 250)
మిగతాది ఆర్ఓ నీళ్లు, మొత్తం లీటరు అయ్యేదాకా
గ్లిజరిన్ 5 మిల్లీలీటర్లు

వెనిగర్, నీళ్లు ముందు కలిపి, చెంచాతో తిప్పుతూ పొడిని కొద్దికొద్దిగా చల్లండి. ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కట్టి, ఉండ పైన జెల్, లోపల పొడి మిగిలిపోతుంది. రాత్రి కలిపి మూత పెట్టేసి, పొద్దున పలచని గుడ్డలో వడగట్టడం నాకు అలవాటు. వడగట్టిన తర్వాత గ్లిజరిన్ కలపండి. ద్రావణం పలచని గంజిలా జారాలి.

కాయను తొడిమ పట్టుకుని ముంచి, ఒక నిమిషం ఉంచి, పైకెత్తి కారనివ్వండి. ఇక్కడ చూపు పెట్టాల్సింది కాయ అడుగున. జామకాయకు పువ్వు రాలిన చోట చిన్న కిరీటంలా ఉంటుంది కదా, ద్రావణం అందులో చేరి చుక్కగా నిలబడుతుంది. ఆ చుక్క అలాగే ఆరితే అక్కడ పొర చుట్టుపక్కలకన్నా ఎన్నో రెట్లు దట్టమవుతుంది. అడుగున తడి కూడా చాలాసేపు ఆరదు, నల్ల మచ్చ అక్కడే మొదలవుతుంది. గుడ్డ కొసను మెలితిప్పి ఆ గుంటలో ఒకసారి అద్దండి. మా దగ్గర పని చేసే అమ్మాయి ముంచడం, అద్దడం, జల్లెడ మీద పెట్టడం ఒకే ఊపులో చేస్తుంది. చూస్తే ఏమీ లేదనిపిస్తుంది గానీ పెట్టెలో తేడా అక్కడే వస్తుంది.

కంతలున్న ప్లాస్టిక్ ట్రే మీద, కాయకు కాయ తగలకుండా పెట్టి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఎండాకాలంలో గంటలోపే ఆరుతుంది. వానాకాలంలో చాలా ఎక్కువసేపు పడుతుంది, అప్పుడు తొందరపడి పెట్టెలో సర్దితే కాయలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. వెనిగర్ వాసన ఆరేకొద్దీ పోతుంది.

కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి వచ్చింది కాబట్టి, రొయ్యలు పడనివాళ్లు తినే అవకాశం ఉంటే చెప్పి తీరాలి. శాకాహారుల ఇళ్లకు పంపే పండ్లకైతే అది వాడనే వాడొద్దు. పుట్టగొడుగుల లాంటి శిలీంధ్రాల నుంచి తీసిన కైటోసాన్ దొరుకుతుంది, కాస్త ఖరీదెక్కువ. లేదంటే కలబంద చాలు. కలబంద మట్ట కోసి కాసేపు నిలబెడితే పసుపుపచ్చ చేదు రసం కారిపోతుంది, అది పూతలోకి రాకూడదు. తర్వాత తొక్క తీసి, గుజ్జు మిక్సీ పట్టి, వడగట్టి, 70 డిగ్రీల దాకా వేడి చేసి చల్లార్చండి. లీటరుకు రెండు నిమ్మకాయల రసం పిండితే రంగు మారదు. 2005లో స్పెయిన్ పరిశోధకులు ద్రాక్ష గుత్తులకు కలబంద గుజ్జు పూసి 1 డిగ్రీ చలిలో ఉంచితే, పూత లేనివి వారంలో చెడిపోతే పూసినవి 35 రోజుల దాకా నిలిచాయి. మన గదుల్లో 1 డిగ్రీ ఉండదు, అన్ని రోజులు ఆశించొద్దు.

ఫ్రిజ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పూత వేశాం కదా అని టమాటాలు, జామకాయలు ఫ్రిజ్‌లో తోసేస్తారు. టమాటాకు 10 డిగ్రీల లోపు చలి పడదు, రుచి చచ్చిపోతుంది. గదిలో చల్లని మూల చాలు.

కోసిన ముక్కలకు ఆల్జినేట్

బొప్పాయి, ఆపిల్ ముక్కలు డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్లకు ఇది. సోడియం ఆల్జినేట్ గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది, మన పక్కన తమిళనాడు తీరంలో మండపం వైపు ఆ నాచు దొరుకుతుంది. దీని తమాషా ఏమిటంటే, ద్రావణంగా ఉన్నది కాల్షియం తగలగానే క్షణాల్లో జెల్ అయిపోతుంది. కాబట్టి రెండు గిన్నెలు కావాలి. ఒకదాంట్లో లీటరు నీటికి 15 గ్రాముల ఆల్జినేట్, రెండోదాంట్లో లీటరుకు 20 గ్రాముల కాల్షియం క్లోరైడ్. కాల్షియం క్లోరైడ్ కాస్త చేదుగా ఉంటుంది. నాలుక చురుకైనవాళ్లు పట్టేస్తారు. కాల్షియం లాక్టేట్ దొరికితే అదే వాడండి.

నల్గొండ జిల్లాలో ఉన్నవాళ్లకు, నిజానికి బోరు నీళ్లు తాగే ఊరివాళ్లందరికీ, ముఖ్యమైన విషయం ఇది. బోరు నీళ్లలో ఆల్జినేట్ కలపొద్దు. ఆ నీళ్లలోనే కాల్షియం ఉంటుంది, పొడి పడగానే చేప గుడ్ల లాంటి జిగురు ఉండలు కట్టి, ఎంత తిప్పినా విడిపోదు. పొడి పాడైందనుకుని కొత్త ప్యాకెట్ తెప్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. తప్పు పొడిది కాదు, నీళ్లది. కాచి చల్లార్చినా కాఠిన్యమంతా పోదు. ఆర్ఓ నీళ్లు వాడండి. పొడిని నేరుగా చల్లకుండా రెండు చెంచాల చక్కెరతో కలిపి చల్లితే గింజ గింజ విడివిడిగా తడిసి త్వరగా కరుగుతుంది. మిక్సీలో తిప్పితే నురగ వస్తుంది, ఆ నురగ దిగేదాకా ఆగాలి.

ముక్కలను ముందు ఆల్జినేట్‌లో ముంచి, చిల్లుల గరిటెతో తీసి, కారనిచ్చి, కాల్షియం గిన్నెలో ఒక నిమిషం ఉంచండి. తీసి వడగట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ముక్క మీద వేలు పెడితే జారుతున్నట్టు కాక, పలచని తొక్క ఉన్నట్టు తెలుస్తుంది. ఇది ముక్క ఎండకుండా, రసం కారకుండా చూస్తుంది, అంతే. క్రిములను చంపదు. మురికి చేతులతో కోసిన ముక్కకు ఎన్ని పూతలు వేసినా అది మురికి ముక్కే.

ఇదే ఆల్జినేట్‌తో నీళ్ల గోళీలు చేసే వీడియోలు చూసి చాలామంది అడుగుతుంటారు. 2019 లండన్ మారథాన్‌లో పరుగెత్తేవాళ్లకు 30 వేలకు పైగా అలాంటి పానీయం గోళీలు పంచారు. చూడడానికి బాగుంటుంది. మన ఎండలో, మన దుమ్ములో, ఆ గోళీని పెట్టడానికి మళ్లీ ఒక డబ్బా కావాలి. నేను దాని జోలికి పోలేదు.

పల్లీ పట్టీలు చుట్టడానికి పిండి రేకు

ఆత్రేయపురం పూతరేకు ఈ విద్యలో మనకు ఎప్పటినుంచో ఉన్న పనితనం. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, పలచన చేసి, గుడ్డను అందులో ముంచి కాలిన కుండ మీద ఒక్కసారి లాగితే రేకు వచ్చేస్తుంది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే అందులో పిండి తప్ప ఇంకేమీ లేదు కనుక ఎండాక పెళుసు, మడవాలంటే కాస్త తడి తగిలించాలి. ఏ తడీ లేకుండా మడత పడే రేకు కావాలంటే గ్లిజరిన్ కలపాలి. అది పిండి గొలుసుల మధ్య దూరి వాటిని కదలనిస్తుంది.

5 గ్రాముల కర్రపెండలం పిండి, 100 మిల్లీలీటర్ల నీళ్లు, 1.5 గ్రాముల గ్లిజరిన్. కర్రపెండలం పిండి దొరక్కపోతే సగ్గుబియ్యం మిక్సీ పట్టి జల్లించుకోండి, రెండూ ఒకటే. అన్నీ చల్లగా ఉండగానే కలిపి సన్నని సెగ మీద పెట్టి ఆపకుండా తిప్పండి. చాలాసేపు పాల తెలుపులోనే ఉంటుంది, ఏమీ జరగనట్టే అనిపిస్తుంది. 65 డిగ్రీలు దాటాక గిన్నె అడుగు నుంచి అద్దంలా తేటపడుతూ పైకి వస్తుంది, గరిటె ఒక్కసారిగా బరువెక్కుతుంది. అప్పుడు దించేయకండి. ఇంకో ఐదు నిమిషాలు ఉంచితేనే లోపలి గింజలన్నీ విచ్చుకుంటాయి. వడగట్టి, బుడగలు పోయాక, 20 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవున్న చదునైన స్టీలు ట్రేలో పోయండి. ట్రే ఏమాత్రం వాలుగా ఉన్నా ఒక పక్క కాగితం, ఇంకో పక్క అట్ట అవుతుంది. కింద స్పిరిట్ లెవెల్ పెట్టి చూడడం మేలు.

నీడన, దుమ్ము పడకుండా పైన నెట్ కప్పి, ఒక పగలూ రాత్రీ ఆరనివ్వండి. అంచులు వాటంతటవే లేస్తే సిద్ధమైనట్టు. చాకు మొనతో ఒక మూల లేపి మెల్లగా లాగితే రేకు మొత్తం వచ్చేస్తుంది, మందం మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉంటుంది. చిట్లిపోతే గ్లిజరిన్ తక్కువైంది, వేలికి అంటుకుంటే ఎక్కువైంది.

దీంట్లో పల్లీ పట్టీలు, నువ్వుల ఉండలు చుట్టుకోవచ్చు. పల్లీ నూనె బయటికి రాదు, గాలి తగలక పాత నూనె వాసన త్వరగా రాదు. పొర విప్పకుండానే తినేయొచ్చు. కానీ పైన మూత బిగించే డబ్బా ఉండాల్సిందే. శ్రావణమాసం గాలికి రేకే తడి పీల్చుకుని బెల్లానికి అతుక్కుంటుంది. పచ్చడి, పెరుగు లాంటి తడి సరుక్కి ఈ రేకు పనికిరాదు.

పని చేసిందో లేదో తేల్చుకోవడం

కంటితో చూసి బాగుంది అనుకోవద్దు, మెరుపు చూసి మోసపోతాం. ఒకే చెట్టు, ఒకే రోజు కోత, ఒకే సైజు కాయలు ఇరవై తీసుకుని పదింటికి పూయండి, పదింటిని ఊరికే కడిగి ఆరబెట్టండి. తొడిమ దగ్గర మార్కర్‌తో నంబరు వేసి, రోజూ ఒకే వేళకు తూచి నోట్‌బుక్కులో రాయండి. 100 గ్రాముల కాయ 95కి వచ్చిందంటే చాలా పండ్లకు ముడత కనబడే దశ. పూసినవీ పూయనివీ ఒకే వేగంతో బరువు తగ్గుతుంటే మీరు తప్పు రకం పూత ఎంచుకున్నారు, మైనం వైపు వెళ్లండి. బరువు తగ్గకుండా కోసినప్పుడు కల్లు వాసన వస్తుంటే పూత ఎక్కువైంది, ద్రావణంలో ఇంకో పావు వంతు నీళ్లు కలపండి. ప్రతి బ్యాచిలో ఒక కాయనైనా కోసి, వాసన చూసి, తినండి. అమ్మకానికి పంపే ముందు ఇది నాకు టెన్షన్ తగ్గించే ఏకైక పద్ధతి.

కొనేటప్పుడు ప్యాకెట్ల మీద ఐఎన్ఎస్ నంబర్లు (ఆహారంలో కలిపే పదార్థాలకు అంతర్జాతీయంగా ఇచ్చిన గుర్తింపు అంకెలు) చూసుకోండి: ఆల్జినేట్ 401, గ్లిజరిన్ 422, కాల్షియం క్లోరైడ్ 509, కాల్షియం లాక్టేట్ 327, తేనెమైనం 901, కార్నౌబా 903, లక్క 904. తేమ పీల్చడానికి అల్మరాల్లో పెట్టే కాల్షియం క్లోరైడ్ పేరు ఒకటే అయినా తినే సరుకు కాదు.

మిగిలిన పిండి ద్రావణం మర్నాటికి పులుస్తుంది, పారబోయండి. కైటోసాన్‌ది మూత పెట్టి ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంచుకోవచ్చు, కానీ కాయలు ముంచిన బకెట్లోది ఉంచొద్దు, అందులో తోట దుమ్మంతా చేరి ఉంటుంది. ఆల్జినేట్ గిన్నెను మాత్రం నేరుగా సింకులో కడగకండి. బోరు నీళ్లు తగిలి పైపులోనే జెల్ కడుతుంది. ముందు పాత గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను చెత్తలో పడేసి, అప్పుడు నీళ్లు పోయండి.